ఇంట్లో 50 ఏళ్ళుగా ఉన్న కారు: ఎవరికి అమ్మితే మంచిది?

నాన్నగారో తాతగారో డబ్బు కట్టి, ఏళ్ళ తరబడి ఎదురుచూసి తెచ్చుకున్న ఫియట్టో అంబాసిడరో హెరాల్డో ఇంకా షెడ్డులోనే ఉంది. బ్యాటరీ మారిస్తే స్టార్ట్ అవుతుంది, సీట్లు చిరగలేదు, రంగు కూడా కంపెనీలో వేసిందే. కానీ పిల్లలు డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉన్నారు, ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేస్తున్నారు, కొత్త అపార్ట్‌మెంట్‌లో ఒక కారుకే పార్కింగ్. అమ్మక తప్పదు. అమ్ముదామని నోరు తెరిస్తే చాలు, ఒకాయన పాత ఇనుము కింద తోసేయమంటాడు, ఇంకొకాయన "వింటేజ్ కదా, కోటి వస్తుంది, తొందరపడకండి" అంటాడు. ఇద్దరి మాటా పక్కన పెట్టండి.

నేను ఇక్కడ చెప్పేది 1950ల చివర్నుంచి 1970ల మధ్య దాకా మన దేశంలో తయారైన మామూలు ఇంటి కార్ల గురించి. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు చేసిన ఫియట్ 1100 రకాలు, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళ అంబాసిడర్లు, మద్రాసులో స్టాండర్డ్ వాళ్ళ హెరాల్డ్. స్వాతంత్ర్యానికి ముందు విదేశాల నుంచి వచ్చిన, గుడ్డ టాపు ఉండే టూరర్లు జమీందార్ల ఇళ్ళలో ఒకటీ అరా మిగిలాయి. వాటి లెక్క వేరు, వేలం దగ్గర చెప్తాను.

ముందు ఏం చూసుకోవాలి

ధర ఎంత అని అందరూ మొదటే అడుగుతారు గానీ, నాలుగు విషయాలు తేలితే తప్ప ధర తేలదు. కాగితాలు ఎలా ఉన్నాయి, కారు ఎంతవరకు ఒరిజినల్, మీకు ఎంత టైముంది, అమ్మాక ఆ కారు ఏమైపోయినా మీకు ఫర్వాలేదా.

కాగితాల సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మంచి బేరాలు చెడేది ఇక్కడే. ఆర్‌సీ ఇంకా పోయినాయన పేరు మీదే ఉంటే ముందు వారసుల పేరు మీదకి మార్చుకోవాలి. దానికి ఫారం 31, డెత్ సర్టిఫికెట్, మీసేవలో పెట్టుకుంటే వచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసిచ్చే అఫిడవిట్లు. అమెరికాలో ఉన్న అన్నయ్య సంతకం కావాలంటే అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాలి, దానికి టైం పడుతుంది కాబట్టి కొనేవాడు దొరకకముందే మొదలుపెట్టండి. ఆర్‌సీ పుస్తకం పోతే ఫారం 26తో డూప్లికేట్. పాత రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కకపోతే బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి, దీనికి మాత్రం ఆఫీసు చుట్టూ తిరగడానికి సిద్ధపడండి.

సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్ళకి ముగుస్తుంది, తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్. చాలా ఇళ్ళలో ఇది ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. 20 ఏళ్ళు దాటిన కార్లకి ఈ ఫీజుని 2025 ఆగస్టులో 10 వేలకి పెంచారు, పైన గ్రీన్ ట్యాక్స్, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు కారు చూపించడం ఉంటాయి. ఇంకో చిక్కు మన దగ్గర ప్రత్యేకం: ఉమ్మడి రాష్ట్రంలో విజయవాడలో రిజిస్టరై ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న కారంటే 2014 తర్వాత అది వేరే రాష్ట్రపు కారే. ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తెచ్చుకోవాలి.

50 ఏళ్ళు దాటితే ఇంకో దారి కూడా ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు నిండి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉన్న కారుని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20 వేలు. కొత్తగా నెంబరు ఇస్తే అందులో రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అని వస్తుంది, ఇప్పటికే రిజిస్టరైన కారు అయితే తన పాత నెంబరే ఉంచుకోవచ్చు. 1989కి ముందు నాటి ఆ మూడక్షరాల నెంబరంటే కొనేవాళ్ళకి భలే మోజు, దాన్ని పోగొట్టుకోకండి. కాకపోతే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉన్న కారుని రోజూ తిప్పకూడదు, అద్దెకి ఇవ్వకూడదు. ర్యాలీ, ప్రదర్శన, రిపేరు, పెట్రోలు లాంటి పనులకే రోడ్డెక్కాలి. అందుకని నా సలహా ఏంటంటే మీరు మామూలు ఆర్‌సీని సరిచేసి పెట్టండి, వింటేజ్ చేసుకోవాలా వద్దా అన్నది కొనేవాడికి వదిలేయండి. ఆదివారం ఆదివారం కుటుంబంతో చక్కర్లు కొట్టాలనుకునేవాడికి అది అడ్డం.

ఇక ఒరిజినాలిటీ. అమ్మే ముందు కారుకి కొత్త పెయింట్ కొట్టించాలనే ఆలోచన ఉంటే మానుకోండి. టింకరింగ్ చేసి, లప్పం పెట్టి, మెరిసే రంగు కొడితే కొనేవాడికి మొదట వచ్చే అనుమానం ఆ రంగు కింద ఎంత తుప్పు దాచారని. గుడ్డ చుట్టిన అయస్కాంతం తెచ్చి డోర్ల కింది అంచుల మీద, ఫ్లోర్ మీద పెట్టి చూస్తాడు, అంటుకోకపోతే కింద రేకు లేదని అర్థం. వెలిసిన కంపెనీ రంగు, చెక్కు చెదరని పాత అప్‌హోల్‌స్టరీ, గ్లాసుల మీద అప్పటి ముద్ర, డిక్కీలో టూల్ కిట్, జాకీ, ముందు నుంచి తిప్పి స్టార్ట్ చేసే హ్యాండిల్, ఇవన్నీ మళ్ళీ కొనాలన్నా దొరకని సరుకు. రీస్టోరేషన్‌కి లక్షలు పోసి అమ్మితే ఆ లక్షలు వెనక్కి రావడం ఫియట్, అంబాసిడర్ల విషయంలో కష్టం. అంబాసిడర్ 2014 దాకా తయారైంది, ఫియట్‌కి వారసురాలైన పద్మిని 1990లంతా నడిచింది. అందుకే పాత అంబాసిడర్ అన్నంత మాత్రాన అరుదైపోదు, పాడుచేయని పాత అంబాసిడర్ అరుదు.

ఇంజన్ మీదా ఛాసిస్ మీదా ఉన్న నెంబర్లు ఆర్‌సీతో కలవాలి. డీజిల్ ఇంజన్ ఎక్కించిన అంబాసిడర్లు లెక్కలేనన్ని. అసలు 1489 సీసీ పెట్రోలు ఇంజనే ఉంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి. రెండు నెంబర్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసి ఉంచితే ఫోన్లోనే సగం అనుమానాలు తీరిపోతాయి.

మీరు చేయించాల్సిన పనులు తక్కువ: పెట్రోలు ట్యాంకు కడిగించడం, బ్రేకులు పట్టేలా చేయడం, రబ్బరు పైపులు మార్చడం. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, అది పాత రబ్బరుని, కార్బొరేటర్ లోపలి గ్యాస్కెట్లని తినేస్తుంది. ఇథనాల్‌ని తట్టుకునే పైపులు వేయిస్తే ఒరిజినాలిటీ పోయిందని ఎవడూ బాధపడడు. కారు ఎక్కడ పెరిగిందో కూడా చెప్పండి. అనంతపురం, కర్నూలు వైపు పొడిగాలిలో ఉన్న కారు రేకు ఒకలా ఉంటుంది, కాకినాడ, విశాఖ ఉప్పుగాలిలో ఉన్నది ఇంకోలా ఉంటుంది. ఈ తేడా తెలిసినవాళ్ళు ముందు ఇదే అడుగుతారు.

బుకింగ్ రసీదు, కంపెనీ ఇన్వాయిస్, పాత సర్వీసు బిల్లులు, ఇన్సూరెన్స్ కాగితాలు, పెళ్ళిలోనో తిరపతి ప్రయాణంలోనో కారు పక్కన తీసిన నలుపు తెలుపు ఫోటోలు, దొరికినవన్నీ ఒక ఫైల్లో పెట్టండి. ఒకే ఇంట్లో ఉందని నోటితో చెప్తే ఎవరూ నమ్మరు, ఈ ఫైలు చూపిస్తే నమ్ముతారు.

ఐదు దారులు

*1. నేరుగా పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళకి*

హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ముంబై లాంటి చోట్ల వింటేజ్ కార్ల క్లబ్బులున్నాయి. వాళ్ళు ర్యాలీలు చేసేది ఎక్కువగా చలికాలంలో, జనవరి ఫిబ్రవరి ప్రాంతంలో. అలాంటి ఒక ఆదివారం వెళ్ళి నలుగురితో మాట్లాడితే మీ కారు గురించి కబురు దానంతటదే పాకుతుంది. వీళ్ళు మీ ఫైలు విలువ తెలిసినవాళ్ళు, కంపెనీ రంగుని చూసి మురిసిపోయేవాళ్ళు, కొన్నాక కారుని బాగా చూసుకునే అవకాశం కూడా వీళ్ళ దగ్గరే ఎక్కువ.

ఇబ్బంది లేదా అంటే ఉంది. వీళ్ళకి తొందర లేదు. మూడుసార్లు వచ్చి చూస్తారు, కింద పడుకుని టార్చి వేస్తారు, గంటసేపు మాట్లాడి "ఆలోచించి చెప్తానండీ" అని వెళ్ళిపోతారు. మీకు తెలియని లోపాలన్నీ వాళ్ళకి తెలుసు, బేరంలో ఒక్కోటీ బయటికి తీస్తారు. అందుకే వాళ్ళని పిలిచే ముందు ఆటోనగర్‌లో పాత కార్లు చేసిన పెద్ద మేస్త్రీ ఒకాయన చేత కారు చూపించి, లోపాలు మీరే కాగితం మీద రాసిపెట్టుకోండి. మీ అంతట మీరే చెప్పిన లోపానికి తగ్గించే ధర, వాళ్ళు పట్టుకున్న లోపానికి తగ్గించే ధర ఒకటి కాదు.

హెరాల్డ్ ఉన్నవాళ్ళకి నేను ఈ దారి తప్ప ఇంకోటి చెప్పను. దాని తయారీ 1970ల మొదట్లోనే ఆగిపోయింది, మామూలు జనానికి దాని పేరే తెలియదు. తెలిసినవాళ్ళు మాత్రం, అది అసలు ట్రయంఫ్ కంపెనీ మోడల్ కాబట్టి, బ్రిటన్‌లోని ట్రయంఫ్ విడిభాగాల దుకాణాల నుంచి తెప్పించుకుని మరీ నడుపుతారు.

*2. బ్రోకరు లేదా పాత కార్ల డీలరు*

వారంలో అయిపోవాలంటే ఇదే. ఇల్లు ఖాళీ చేసే తేదీ దగ్గర పడిందనుకోండి, ఇంకేం చేస్తారు. డబ్బు తగ్గుతుంది, ఎందుకంటే ఆయన మళ్ళీ ఇంకొకరికి లాభానికి అమ్ముకోవాలి. అది అన్యాయమేం కాదు, మీ టైముకి కట్టే ఖరీదు అది.

భయపడాల్సింది వేరే చోట. ఓనరు పేరు మార్పుకి వాడే ఫారం 29, ఫారం 30 మీద మీ చేత ఖాళీగా సంతకాలు పెట్టించుకుని, పేరు మార్చకుండా కారుని చేతులు మార్చేయడం. ఆ కారు ఎక్కడో ప్రమాదం చేస్తే ఆర్‌సీలో పేరున్నవాళ్ళే ఓనరని, పరిహారం బాధ్యత వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ కేసులోనూ కారు వరసగా నలుగురి చేతులు మారింది, రికార్డులో మాత్రం మొదటాయన పేరే ఉండిపోయింది. కాబట్టి కొనేవాళ్ళ పేరు రాయని ఫారం మీద సంతకం పెట్టొద్దు. "మన మధ్య ఇవేంటండీ" అంటే ఆ బేరం వదిలేయండి.

*3. ఆన్‌లైన్‌లో ప్రకటన*

ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, పాత కార్ల గ్రూపులు. ఎక్కడెక్కడి వాళ్ళో చూస్తారు, అదే దీని బలం. మార్క్ 2 అంబాసిడర్ కోసం వెతుకుతున్న కోయంబత్తూరు ఆయన మీకు ఇంకెలా దొరుకుతాడు? బదులుగా "లాస్ట్ ప్రైస్ ఎంత బ్రో" అనే మెసేజ్‌లకి రోజూ జవాబు చెప్పే ఓపిక కావాలి.

ఫోటోలు పగటి వెలుతురులో తీయండి, లోపాలవి కూడా పెట్టండి. నెంబరు ప్లేటు, ఆర్‌సీ ఫోటోలు అందరికీ కనపడేలా పెట్టొద్దు. ఆర్మీలో పనిచేస్తున్నాను, చూడకుండానే కొంటాను, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ పంపాను స్కాన్ చేయండి అనేవాడు దొంగ. మనకి డబ్బు రావాలంటే స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. అక్కడ కనిపించే ధరలు చూసి మీ ధర పెట్టుకోవడం కూడా ప్రమాదమే. అవి అమ్మేవాళ్ళు అడుగుతున్న ధరలు, ఆరు నెలలుగా అదే ధరతో వేలాడుతున్న ప్రకటనంటే ఆ ధరకి ఎవరూ కొనలేదనే కదా.

*4. వేలం*

మన దేశంలో ఆస్టాగురు లాంటి వేలం సంస్థలు వింటేజ్ కార్లని కూడా అమ్మకానికి పెడతాయి. మామూలు ఫియట్, అంబాసిడర్ ఉన్నవాళ్ళు ఇటు చూడక్కర్లేదు. కమిషను, రవాణా, కేటలాగు కోసం ఎదురుచూడడం ఇవన్నీ పోగా మిగిలేది నేరుగా అమ్మితే వచ్చేదానికంటే ఎక్కువ ఉంటుందని నేననుకోను.

స్వాతంత్ర్యానికి ముందు నాటి టూరరో, సంస్థానం వాళ్ళ ఇంటి నుంచి వచ్చిందో అయితే మాత్రం వేలమే ముందు ఆలోచించండి. అలాంటి కారు ధర ఇంతని చెప్పగలిగేవాళ్ళు ఊళ్ళో ఉండరు, ఇద్దరు డబ్బున్నవాళ్ళు పోటీపడితేనే అది తేలుతుంది. ఇంతకన్నా తక్కువకి అమ్మననే రిజర్వ్ ధర రాతపూర్వకంగా పెట్టించుకోండి, అమ్ముడుపోకపోతే తిరుగు రవాణా ఎవరిదో ముందే అడగండి. విదేశాల్లో అమ్మితే డాలర్లలో వస్తుందని ఎవరైనా ఊరిస్తే నమ్మకండి. 1950కి ముందు తయారైన కార్లని దేశం దాటించడం మీద ఆంక్షలున్నాయి.

*5. సినిమావాళ్ళకి, లేదా ఇంట్లోవాళ్ళకే*

హైదరాబాద్‌లో పాతకాలం కథతో సినిమా మొదలైనప్పుడల్లా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కి ఇలాంటి కార్లు కావాలి. వాళ్ళకి కార్లు సరఫరా చేసేవాళ్ళు కొంటారు, డబ్బు త్వరగానే ఇస్తారు. కానీ సీన్‌కి నప్పలేదని రాత్రికి రాత్రి రంగు మార్చేస్తారు, కెమెరా బిగించడానికి డోర్‌కి చిల్లులు పెడతారు. కంపెనీ రంగుతో ఉన్న కారుని ఇటు పంపడం నాకైతే మనసొప్పదు. ఒకసారి పెయింట్ అయిపోయి, ఇంజన్ మారిపోయిన కారైతే ఇది చక్కటి దారి, అక్కడ దానికి ఇంకా పదేళ్ళ జీవితముంటుంది.

బాబాయిగారి అబ్బాయికి ఇవ్వడం గురించి ఒకటే మాట. తక్కువకి ఇచ్చినా ఫర్వాలేదు, ఊరికే ఇచ్చినా ఫర్వాలేదు, పేరు మాత్రం వెంటనే మార్పించండి. లేకపోతే ఐదేళ్ళ తర్వాత అతను అమ్మేస్తుంటే మీ చెల్లెలు "నా వాటా ఏది" అని అడుగుతుంది.

ఒక్క చూపులో

| దారి | డబ్బు | ఎంత తొందరగా | మీకు శ్రమ | తర్వాత కారు గతి |
|---|---|---|---|---|
| కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు | బాగుంటుంది | నెలలు పట్టొచ్చు | మధ్యస్థం | మంచి చేతుల్లో |
| బ్రోకరు | తక్కువ | రోజుల్లో | తక్కువ | చెప్పలేం |
| ఆన్‌లైన్ | ఎలాగైనా ఉండొచ్చు | వారాల నుంచి నెలలు | చాలా ఎక్కువ | కొనేవాణ్ణి బట్టి |
| వేలం | అరుదైన కారుకి అన్నిటికన్నా ఎక్కువ | నెలలు | కాగితాల పని ఎక్కువ | పెద్ద కలెక్షన్‌లోకి |
| సినిమా సరఫరాదార్లు | మధ్యస్థం | త్వరగా | తక్కువ | రంగులు మారుతూ తిరుగుతుంది |
| బంధువులు | తక్కువ లేదా సున్నా | వెంటనే | మాటలు పడడం | కళ్ళముందే |

మీది ఏ పరిస్థితి?

ఎన్‌ఆర్‌ఐ పిల్లలు, మూడు వారాల సెలవు మీద వచ్చారు, ఈలోపే తేలాలి: సెలవులో అమ్మేయాలని చూడకండి, ఆ మూడు వారాలూ వారసత్వం కాగితాలకీ, ఫోటోలకీ, ఫైలుకీ వాడండి. అమ్మే పనికి ఇక్కడున్న ఒక నమ్మకస్తుడి పేర రాతపూర్వక అధికారం ఇచ్చి వెళ్ళండి. అది కుదరని పని అంటే బ్రోకరే గతి, ధర తగ్గుతుందని ముందే మనసుకి చెప్పుకోండి.

నాన్నగారు బతికే ఉన్నారు, కారు ఆయన పేరు మీదే ఉంది, ఆయనకి అమ్మడం ఇష్టం లేదు కానీ నడపలేరు: నేను ఆయన వైపు. అయినా అమ్మాల్సి వస్తే కొనేవాణ్ణి ఆయన్నే ఎంచుకోనివ్వండి. క్లబ్బుల్లో తిరిగే కుర్రాడు ఎవరైనా వచ్చి ఆయన పక్కన కూచుని గేర్ల గురించి రెండు గంటలు మాట్లాడితే పాతిక వేలు తగ్గించి ఇచ్చేస్తారు, ఇవ్వనివ్వండి. ఆయన సంతకం ఉండగానే పేరు మారిస్తే వారసత్వం కాగితాల తలనొప్పి మొత్తం తప్పుతుంది, అది పాతిక వేల కన్నా ఎక్కువే.

కారు తుప్పు పట్టింది, ఇంజన్ పట్టేసింది, కాగితాలు లేవు: మంచి స్థితిలో ఉన్న కారు కోసం రాసిన ఈ సలహాలు దీనికి పనికిరావు. ఇలాంటి ఇంకో కారుని బాగుచేసుకుంటున్నవాళ్ళకి విడిభాగాల కోసం ఇవ్వండి. తూకానికి వేసినదానికన్నా మెరుగ్గా వస్తుంది. ఆర్‌సీ ఉన్న కారైతే అధీకృత స్క్రాప్ కేంద్రానికి ఇస్తే సర్టిఫికెట్ ఇస్తారు, దాంతో కొత్త సొంత కారు రోడ్డు ట్యాక్స్‌లో 25 శాతం దాకా రాయితీకి వీలుంది. కొత్త కారు కొంటున్నవాళ్ళు ఈ లెక్క కూడా వేసుకోవచ్చు.

బేరం కుదిరాక

అడ్వాన్స్ తీసుకుంటే గడువు తేదీ రాసుకోండి. మొత్తం డబ్బు బ్యాంకులో పడ్డాకే తాళం ఇవ్వండి. ఒక లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం, కొనేవాడు బతిమాలినా సరే. డెలివరీ నోటు మీద తేదీతో పాటు టైము కూడా వేసి ఇద్దరూ సంతకాలు పెట్టండి, ఆధార్ కాపీ తీసుకోండి. రాష్ట్రంలోపలే అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అయితే 45 రోజుల్లో అమ్మిన సంగతి ఆర్టీఓకి తెలపాల్సింది మీరే. ఢిల్లీ చుట్టుపక్కల వాళ్ళు కొంటామంటే అక్కడ 15 ఏళ్ళు దాటిన పెట్రోలు కార్లని తిప్పనివ్వాలా వద్దా అని ఏళ్ళుగా నడుస్తున్న గొడవ గుర్తుంచుకోండి, రిజిస్ట్రేషన్ బాధ్యత వాళ్ళదేనని ఒప్పందంలో రాయించండి.

ట్యాక్స్ గురించి చాలామంది సొంత కారు అమ్మితే పన్నే లేదనుకుంటారు. సొంతానికి వాడుకున్న కారైతే ఆ మాట నిజమే, క్యాపిటల్ గెయిన్స్ రాదు. కానీ సొంతానికి వాడామని చూపించగలగాలి. 1983లో 20 వేలకి కొని తర్వాత 21 లక్షలకి అమ్మిన 1931 ఫోర్డ్ టూరర్ ఒకటి కోర్టుకెళ్ళింది. సొంతంగా వాడుకునే వీలున్నంత మాత్రాన చాలదు, నిజంగా వాడినట్టు ఆధారం కావాలని 2025లో బొంబాయి హైకోర్టు తేల్చింది, పన్ను పడింది. మీ దగ్గరున్న సర్వీసు బిల్లులు, ఇన్సూరెన్స్ రసీదులు, ఆ కుటుంబ ఫోటోలు ఇక్కడ కూడా అక్కరకొస్తాయి. ఫైలు మొత్తం కొనేవాడికి ఇచ్చేసే ముందు అన్నీ స్కాన్ చేసి ఒక కాపీ ఉంచుకోండి, ఆ ఏడాది రిటర్న్ వేసేటప్పుడు ఆడిటర్‌కి ఈ అమ్మకం సంగతి చెప్పండి.